ఇల్లెందు శాసనసభ్యుని యెన్నికల చరిత్ర

(ములకలపల్లిలో పఠనమందిర సభ్యుల యెదుట చదివిన ప్రసంగపాఠము)



గుమ్మడి నర్సయ్యగారి పేరు చెప్పగనే మన ప్రాంతమున పదుగురిలో తొమ్మండుగురు తలచుకొనునది సైకిలు. శాసనసభ్యుడై యుండియు సైకిలుమీద పల్లెలు తిరిగెననియు, రైలులోను ఆర్టీసీ బస్సులోను పదిమందితోపాటు కూర్చుండి హైదరాబాదు పోయి వచ్చెననియు కథలుగా చెప్పుకొందురు. ఆ మాటలు నిజములే; వానిని కాదనుటకు మేము రాలేదు. 2025 సంవత్సరమున ఆయన జీవితమును చలనచిత్రముగా తీయబోవుచున్నారనియు, కన్నడ నటుడు శివరాజ్‌కుమార్ ఆ పాత్ర ధరించుననియు ప్రకటన వెలువడినప్పుడును జనులు ముచ్చటించుకొన్నది ఆ సైకిలును గూర్చియే. సైకిలుమీద మాకు ద్వేష మేమియు లేదు. కాని యీ యేజెన్సీ ప్రాంతమున సైకి లెక్కినవా రందరును శాసనసభకు ఎన్నిక కాలేదు. ఎన్నికైనవారిలో ఐదుమారులు గెలిచినవారు మిక్కిలి అరుదు. నిరాడంబరత ఆయన గుణ మగునుగాని ఆయన గెలుపునకు అదియే హేతువు కాజాలదు. ఆ హేతువును వెదకవలెనన్న సైకిలును గోడకు చేరవేసి యెన్నికల లెక్కను బయటికి తీయవలెను. నేడు మేము తలపెట్టిన పని యదియే.

ములకలపల్లివారికి ఇల్లెందు లెక్క యెందుకని మీలో నెవరైన అడుగవచ్చును. మీ మండలము 2009 నుండి అశ్వారావుపేట నియోజకవర్గములోనిది. మీకును ఇల్లెందునకును నడుమ పాల్వంచయు కొత్తగూడెమును ఉన్నవి. అయినను రెండు స్థానములును షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినవే. రెంటను అడవి యొక్కటే, పోడు తగవొక్కటే, వేసవిలో తునికాకు కోత యొక్కటే. పొరుగువాని పద్దుపుస్తకము చూచినప్పుడే మన పద్దులోని తేడాలు కంటికి గట్టిగా తగులును. ఆ తేడాల సంగతి చివర మనవి చేసెదము.

ముందుగా లెక్క. నర్సయ్యగారు ఇల్లెందునుండి 1983లో గెలిచిరి. 1985లో గెలిచిరి. 1989లో గెలిచిరి. 1994లో ఓడిరి. 1999లో గెలిచిరి. 2004లో గెలిచిరి. 2009లో ఓడిరి. శాసనసభలో ఆయన గడపిన కాలము అంతయు కూడిన ఇరువది యేండ్లకు మించును. ఐదు గెలుపులకును ఎదుట ఎన్నికల సంఘమువారి పట్టికలో కనబడు మాట యొక్కటే: స్వతంత్రుడు.

ఈ సంవత్సరములను ఊరక చదివినచో వాని బరువు తెలియదు. ఒక్కొక్క యేట రాష్ట్రమున వీచిన గాలి యెట్టిదో తలచుకొనవలెను. 1982 మార్చి 29వ తేదీన నందమూరి తారక రామారావుగారు తెలుగుదేశమును స్థాపించిరి. తొమ్మిది నెలలు తిరిగి 1983 జనవరి వచ్చునప్పటికి, రాష్ట్రావతరణము మొదలు ఏలుచుండిన కాంగ్రెసును ఆ క్రొత్త పార్టీ పెకలించి వేసెను. 294 స్థానములలో సుమారు రెండువందలు దానికే దక్కెను. పార్టీలో చేరి ఆరు నెలలు కానివారు సయితము ఆ గాలిలో తేలి శాసనసభలో పడిరి. ఇల్లెందు వోటరులు ఆ గాలికి తలుపు తీయలేదు. వారు పంపినది ఎండలో వానలో తమతో తిరిగిన యొక యాదివాసి యువకుని.

1984 ఆగస్టు 16న రామారావుగారిని పదవినుండి తొలగించుట, నెల తిరుగగనే సెప్టెంబరు 16న ఆయన తిరిగి గద్దె నెక్కుట మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఆ యావేశముతో 1985 మార్చిలో జరిగిన యెన్నికలలో తెలుగుదేశము మొదటికంటెను బలముగా నిలిచెను. ఇల్లెందు మరల నర్సయ్యగారినే పంపెను. 1989లో గాలి తిరిగి కాంగ్రెసువైపు వీచి 181 స్థానములు దానికి వచ్చెను. ఇల్లెందు మూడవమారును ఆయననే పంపెను. గాలి తూర్పునుండి వచ్చినను పడమటినుండి వచ్చినను కదలని చెట్టు ఒకటి యున్నదన్నచో దాని వేరును పరీక్షింపవలసినదే గదా.

ఇచట స్వతంత్రుడను మాట విషయమై కొంచెము ఆగవలెను. పట్టణములలో స్వతంత్ర అభ్యర్థి యనగా టిక్కెట్టు దొరకక అలిగి నిలబడినవాడో, ధనమున్నది గనుక నిలబడినవాడో యని తలంతురు. నర్సయ్యగారు అట్టి స్వతంత్రులు కారు. ఆయన వెనుక పార్టీ యున్నది. కాని ఆ పార్టీకి ఎన్నికల సంఘముయొక్క గుర్తింపు లేదు. 1967లో నక్సల్బరీ తిరుగుబాటు పుట్టించిన మార్క్సిస్టు లెనినిస్టు ప్రవాహము కొలదికాలములోనే పలుపాయలుగా చీలినది. ఎన్నికలను బహిష్కరింపవలెనన్నవి కొన్ని. ఎన్నికలలోనికి దిగి ప్రజల యెదుట నిలువవలెనన్నవి కొన్ని. చండ్ర పుల్లారెడ్డిగారి మార్గము ననుసరించినవారు ఈ రెండవ జాతివారు. ఆ పాయయే తరువాతి కాలమున న్యూ డెమోక్రసీ యను పేర మన జిల్లాలో ప్రసిద్ధమైనది. నర్సయ్యగారు ఆ సంఘమునుండి వచ్చినవారు. అదే ప్రవాహము ఒకప్పుడు గోదావరి యడవులలో సాయుధ దళములను నడిపినది. ఉభయపక్షముల నెత్తురు ఆ దారిలో కారినది. తుపాకి మార్గమును మేము సమర్థించువారము కాము. తుపాకికిని వోటుకును నడుమ ఈ యడవిలో జరిగిన వాదములో వోటుపెట్టె వైపు ఐదుమారులు తీర్పు వచ్చినదనుట మాత్రము చరిత్రకారుడు మరువరాని సంగతి.

గుర్తింపు లేనందువలన కలిగిన యిబ్బంది చిన్నది కాదు. 1968 నాటి గుర్తుల యుత్తరువు ప్రకారము గుర్తింపు పొందిన పార్టీకి స్థిరమైన గుర్తుండును. హస్తమనిన హస్తమే, సైకిలనిన సైకిలే. (ఇచట చెప్పిన సైకిలు తెలుగుదేశమువారిది, నర్సయ్యగారు స్వయముగా తొక్కినది వేరు. చూచితిరా, చిత్రము! ఎన్నికల నాడు ఆయన సైకిలునకు వ్యతిరేకముగానే నిలువవలసి వచ్చెడిది.) స్వతంత్రునకు అట్టి స్థిరత్వము లేదు. మిగిలిన గుర్తులనుండి యొకటి ప్రతి యెన్నికలోను క్రొత్తగా కేటాయింపబడవలసినదే. ఆ గుర్తు తేలిన పిదప పోలింగునకు మిగులునది కొలది దినములు. ఆ దినములలో అక్షరము రాని ముసలమ్మకు, వాగు కావలనున్న గుంపునకు, రోడ్డు లేని గూడెమునకు ఈమారు మన గుర్తిది యని చెప్పి రావలెను. టెలివిజను లేని కాలములో, దినపత్రిక రెండవ దినమునగాని అందని ప్రదేశములో, అది కాలినడకన సాగవలసిన పని. ఊరూర మనుష్యులు లేనివానికి అది సాధ్యము కాదు. ఆయనకు మనుష్యు లుండిరి. సైకిలును పొగడువారు మరచునది ఈ మనుష్యులను.

పేరు లేని పార్టీ గెలుచుట తెలంగాణమునకు క్రొత్తయు కాదు. 1952లో హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీ నిషేధములో నుండగా వారు ప్రజాస్వామిక ఫ్రంటు పేర నిలిచిరి. నల్లగొండనుండి లోకసభకు నిలిచిన రావి నారాయణరెడ్డిగారికి వచ్చిన వోట్లు దేశములో జవహర్‌లాల్ నెహ్రూగారికి వచ్చినవానికంటెను ఎక్కువ. పల్లెజనము పేరును చూడదు, గుర్తును మాత్రమే చూచునని తలచు పండితులు ఆ యేట గుర్తు మారినను మనిషిని పోల్చుకొన్న పల్లెలను చూడకపోయిరి.

ఇక ఆ వేరు సంగతి. ఇల్లెందు నేలను గూర్చి రెండు మాటలు చెప్పినగాని అది బోధపడదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పరిసరమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. దక్షిణదేశమున రైళ్లను నడపిన నల్లబంగార మది. సింగరేణి యను గ్రామము పేరు ఆ కంపెనీకి నిలిచినది. ఆ సింగరేణి మండలములోని టేకులగూడెమే నర్సయ్యగారి స్వగ్రామము. బొగ్గు వచ్చిన చోటికి రైలు వచ్చెను. రైలు వచ్చిన చోటికి వర్తకుడు వచ్చెను, వడ్డీ వచ్చెను, భూమి కొనువాడు వచ్చెను. కోయవాని పొలము పత్రము లేకయే చేతులు మారెను. నేల క్రింద బొగ్గు ఒకరిది, నేలపైని అడవి సర్కారుది, నడుమ నున్న నేల వర్తకునిది. తాతనాటినుండి దున్నుచున్నవానికి మిగిలినది కూలి.

దానికి విరుగుడుగా చట్టము లేకపోలేదు. 1959లో ఆంధ్ర ప్రాంతమునకై వెలువడిన భూబదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణ ప్రాంతమునకు వర్తింపజేసిరి. 1970లో దానిని సవరించిరి. దానినే మనము ఒకటి బై డెబ్బది చట్టమందుము. షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరుడు భూమిని కొనరాదు. గిరిజనేతరుడు మరియొక గిరిజనేతరునకు అమ్మనురాదు. అచటి భూమి మొదట గిరిజనునిదేయని చట్టము తలచును. కాదనువాడు ఋజువు చేసికొనవలెను. ఇంతకంటె స్పష్టమైన చట్టము దేశములో అరుదు. చట్టము స్పష్టముగా నుండుటయు, తహశీల్దారు కచ్చేరిలో ఆ చట్టము ప్రకారము ఒక్క యెకరము తిరిగి వచ్చుటయు ఒకటి కాదు. కాగితము పట్టుకొని కచ్చేరికి పోవుటకు ఒక మనిషి కావలెను. అధికారి లేడన్నచో రెండవనాడును, మూడవనాడును పోవు మనిషి కావలెను. శాసనసభ్యుడు స్వయముగా వచ్చి బల్ల యెదుట నిలిచినచో గుమాస్తా కాగితము వెదకును. ఆ పనికి కారు అక్కరలేదు.

తునికాకు సంగతియు నట్టిదే. 1971 చట్టముతో ఆ వర్తకము ప్రభుత్వ గుత్తమైనది. వేసవిలో రెండు మూడు వారములు తెల్లవారుజామున లేచి ఆకు కోసి, యెండలో కట్టలు కట్టి, కల్లమునకు మోసి తెచ్చిన కుటుంబమునకు ఆ డబ్బు సంవత్సరములో చేతికి వచ్చు రొక్కములో ముఖ్యభాగము. కట్టకు ఇన్ని పైసలని నిర్ణయించునది వేరెవరో. ఆ పైసలను పెంచుమని ప్రతి వేసవికి ముందు జరిగిన యాందోళనలలోనే ఈ అడవి రాజకీయము పాఠములు నేర్చినది. కట్టకు ఐదు పైసలు పెరుగుట పట్టణవాసికి వార్త కాదు. వేయి కట్టలు కోసిన యింటికి అది యాబది రూపాయలు.

పోడును గూర్చి మీకు మేము చెప్పవలసిన దేమియు లేదు. మీరే మాకు చెప్పగలరు. ఈ మూడును కలిసినదే ఆ వేరు: పోయిన పొలము, కోసిన ఆకు, కొట్టిన పోడు. 1983లోను 1989లోను ఇల్లెందు వోటరులు ముఖ్యమంత్రిని ఎన్నుకొనలేదు. తమ కాగితమును మోయువానిని ఎన్నుకొనిరి. రాష్ట్రము గాలికి తిరిగినను ఆ కాగితము తిరుగదు గనుక వారి వోటును తిరుగలేదని మా యభిప్రాయము.

అట్లయిన 1994లో ఎందుకు తిరిగెనని అడుగవలెను; అడుగక దాటిపోవుట న్యాయము కాదు. ఆ యేట తెలుగుదేశము ప్రభంజనమువలె వచ్చి 216 స్థానములు గెలిచెను. కమ్యూనిస్టు పార్టీలు రెండును దానితో పొత్తులో నుండెను. ఇల్లెందున గెలిచినవారు భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన ఊకె అబ్బయ్యగారు. 1999లో ఆ పొత్తు విడిపోయెను. తెలుగుదేశము భారతీయ జనతా పార్టీవైపు జరిగెను. నర్సయ్యగారు తిరిగి వచ్చిరి. 2004లో కాంగ్రెసు, తెలంగాణ రాష్ట్ర సమితి, రెండు కమ్యూనిస్టు పార్టీలును ఒక్క కూటమియై రాష్ట్రమును గెలిచినను ఇల్లెందును నర్సయ్యగారే నిలుపుకొనిరి. 2009లో తెలుగుదేశమును తెలంగాణ రాష్ట్ర సమితియు కమ్యూనిస్టు పార్టీలును మహాకూటమిగా కూడిరి. ఆ కూటమి రాష్ట్రమున ఓడిపోయెను. ఇల్లెందున మాత్రము గెలిచెను. గెలిచినవారు ఎవరనుకొన్నారు? ఆ ఊకె అబ్బయ్యగారే, ఈమారు తెలుగుదేశము అభ్యర్థిగా.

ఈ రెండు ఓటములును ఒక్కరిచేతిలోనే. రెండు సారులును కమ్యూనిస్టు పార్టీలు తెలుగుదేశముతో కూడియున్నప్పుడే. దీనినిబట్టి పొత్తే ఆయనను ఓడించెనని సూత్రము చెప్పుట సులభము. కాని 1985లోను 1989లోను అట్టి పొత్తులుండెను, అప్పుడాయన గెలిచిరి. కావున ఆ సూత్రము సగము మాత్రమే నిలుచును. మిగిలిన సగము అబ్బయ్యగారికి చెందవలెను. 1983లో బూర్గంపహాడునుండియు, 1994లో ఇల్లెందునుండియు, 2009లో మరల ఇల్లెందునుండియు గెలిచిన మనిషి సామాన్యుడు కాడు. పదునొకండేండ్లు, పదునైదేండ్లు ఆగి ఆగి తిరిగి వచ్చుట అందరికి చేతకాదు. ఆయన కథ వ్రాయువారు లేకపోయిరి. సైకిలు లేకపోవుటయే ఆయన దోషము కాబోలు! 2009కి ముందు నియోజకవర్గముల హద్దులను మార్చిన సంగతియు మరువరాదు. ఆ మార్పులో బూర్గంపహాడు నియోజకవర్గము రూపుమాసెను. అశ్వారావుపేటయు పినపాకయు పుట్టెను. భద్రాచలము లోకసభ స్థానమే లేకుండ పోయెను. హద్దు జరిగినప్పుడు ఇరువదియైదేండ్లుగా కట్టిన యిల్లు కొంత అవతలికి పోవును, తెలియనివారి పెరడు కొంత యివతలికి వచ్చును.

ఈ హద్దుల సంగతి వచ్చినది గనుక సముద్రము దాటి యొక యుదాహరణము చూతము. అమెరికా ప్రతినిధుల సభలో మిచిగన్ రాష్ట్రమునకు చెందిన జాన్ డింగెల్ అను నాయకు డుండెను. తండ్రి మరణముచే ఖాళీయైన స్థానమునకు 1955 డిసెంబరు ఉపయెన్నికలో గెలిచి, 2015 జనవరివరకు 59 సంవత్సరములకు పైగా ఆ సభలో కూర్చుండెను. ఆ సభకు రెండేండ్లకొకమారు ఎన్నిక. కావున ఆయన గెలిచినవి ముప్పది. ఆయనకు ముందు తండ్రి 1933 నుండి సభ్యుడు. ఆయన విరమించిన పిదప భార్య డెబీ డింగెల్ ఆ పీఠమునకు వచ్చెను. ఆ మహానుభావుడును హద్దుల మార్పువలన రెండుమారులు చిక్కులో పడెను. 1964లో తన స్థానమును జాన్ లెసిన్‌స్కీ యను సహసభ్యుని స్థానముతో కలుపగా స్వపక్షములోనే పోరాడవలసి వచ్చెను. లెసిన్‌స్కీ నల్లజాతివారి పౌరహక్కుల చట్టమునకు వ్యతిరేకముగా వోటు వేసినవాడు. డింగెల్ అనుకూలముగా వేసినవాడు. డింగెల్ గెలిచెను. 2002లో మరల అట్లే లిన్ రివర్స్ అను సహసభ్యురాలితో పోరి గెలిచెను.

ఐదు గెలుపులను ముప్పది గెలుపుల ప్రక్క నిలిపి చిన్నవని చెప్పుటకు మేము ఈ మాట ఎత్తలేదు. దీర్ఘసేవ యనునది ఆ సభలో ఏమి చేయునో, మన సభలో ఏమి చేయునో చూడవలెను. అచట ఎక్కువకాలము నిలిచినవానికి సంఘాధ్యక్షత దక్కును. డింగెల్ ఇంధన వాణిజ్య సంఘమునకు 1981 నుండి 1995 వరకును, 2007 నుండి 2009 వరకును అధ్యక్షుడు. దేశములో ఏ మందు, ఏ మోటారు, ఏ గాలి, ఏ నీరు ఆ సంఘము బల్లమీదికి రాక తప్పలేదు. అందరికిని ఆరోగ్య భీమా కావలెనని తండ్రి తెచ్చిన బిల్లునే కొడుకు ప్రతి సభలోను తెచ్చుచుండెను. 1965లో వృద్ధుల వైద్యచట్టమును ఆ సభ ఆమోదించినప్పుడు అధ్యక్షపీఠమున కూర్చున్నవాడు డింగెలే. ఆ నాటి కొయ్యసుత్తిని 2010 నాటి ఆరోగ్యచట్టము సమయమున సభాపతి నాన్సీ పెలోసీకి అరువిచ్చెను. కాలము గడచుటచేతనే ఆయనకు బలము కూడెను.

మన శాసనసభలో అట్టి యేర్పాటు లేదు. ఐదుమారులు వచ్చినవాడైనను, మొదటిమారు వచ్చినవాడైనను, ఆనాటి 294లో ఒక్కడు ఒక్కడే. పార్టీ గుర్తింపు లేనివానికి మాటాడుటకు దొరకు నిమిషములును లెక్కపెట్టినవే. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధము ప్రకారము స్వతంత్రుడుగా ఎన్నికైనవాడు తరువాత ఏ పార్టీలో చేరినను సభ్యత్వమును కోలుపోవును. కావున ఆ పిదప ఆయన గెలిచిన ప్రతిమారును ఒంటరిగా వచ్చి ఒంటరిగానే యుండవలసినవాడు. ప్రశ్న వేయవచ్చును, అర్జీ యీయవచ్చును, మంత్రి గది యెదుట కూర్చుండవచ్చును. చట్టము చేయలేడు.

ఆయన పార్టీ మిత్రులకు ఈ మాట రుచింపకపోవచ్చును. అయినను చెప్పక తప్పదు. పోడు దున్నువానికి హక్కు నిచ్చిన చట్టము 2006 డిసెంబరులో వచ్చినది. అది వచ్చినది పార్లమెంటులో. 2004 యెన్నికల పిదప కేంద్రప్రభుత్వము సుమారు అరువదిమంది వామపక్ష సభ్యుల మద్దతుపై నిలిచియుండెను. దేశమంతటి గిరిజన సంఘముల యొత్తిడికి ఆ సంఖ్య తోడైనది. అప్పటి భద్రాచలము లోకసభ సభ్యులు మిడియం బాబూరావుగారు ఆ యరువదిమందిలో నొకరు. కాగితమును మోయుటకు ఒక్క మనిషి చాలును. కాగితమును వ్రాయుటకు సంఖ్య కావలెను. ఇల్లెందు ఇరువది యేండ్లు మొదటిదానిని సంపాదించుకొనెను. రెండవదానికి ఇతరుల నాశ్రయింపవలసి వచ్చెను. నర్సయ్యగారి జీవితములోని కొరత యని మేము తలచునది ఇదొక్కటే; అది ఆయనయొక్క కొరతకంటె ఆ పాయలు పాయలుగా చీలిన యుద్యమముయొక్క కొరత.

భద్రాచలమువారి లెక్కయు ఇట్టిదే యొకటి యున్నది. దానిని తడవకుండ పోలేము. కుంజా బొజ్జిగారు 1985, 1989, 1994 యెన్నికలలో మూడుమారులు మార్క్సిస్టు పార్టీనుండి గెలిచిరి. ఆయన తరువాత సున్నం రాజయ్యగారు 1999లోను 2004లోను గెలిచి, 2009లో ఓడి, 2014లో తిరిగి గెలిచిరి. ఈయనయు బస్సులో తిరిగినవారే. 2014లో జరిగిన చిత్రము ఆలోచింపదగినది. ఆయన తెలంగాణ శాసనసభకు ఎన్నికైరి. పోలవరము ముంపు నిమిత్తమై ఆయన స్వగ్రామమున్న వరరామచంద్రపురము మండలము ఆంధ్రప్రదేశమునకు పోయెను. తాను ప్రతినిధి యైన రాష్ట్రములో తన యిల్లు లేదు! 1959 వరకు తూర్పుగోదావరిలోనుండి, ఆ యేట ఖమ్మము జిల్లాకు వచ్చిన భద్రాచలము తాలూకాలో అధికభాగము ఐదున్నర దశాబ్దములకు మరల ఏరు దాటెను. 2019లో రాజయ్యగారు ఆవలి రాష్ట్రమున రంపచోడవరమునుండి నిలిచి ఓడిరి. 2020 ఆగస్టులో కరోనా వ్యాధికి బలియైరి. బొజ్జిగారు 2021 ఏప్రిలులో కాలముచేసిరి.

ఇక మీ పద్దు. అశ్వారావుపేట నియోజకవర్గము పుట్టిన పిదప శాసనసభకు నాలుగు యెన్నికలు జరిగినవి. 2009లో కాంగ్రెసు అభ్యర్థి వగ్గెల మిత్రసేనగారు, 2014లో వైయెస్సార్ కాంగ్రెసు అభ్యర్థి తాటి వెంకటేశ్వర్లుగారు, 2018లో తెలుగుదేశము అభ్యర్థి మెచ్చా నాగేశ్వరరావుగారు, 2023లో కాంగ్రెసు అభ్యర్థి జారె ఆదినారాయణగారు. నాలుగు యెన్నికలు, నలుగురు మనుష్యులు. ఒక్కరును రెండవమారు రాలేదు. 2014లో గెలిచినవారు పిదప తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి, 2018లో ఆ పార్టీ పక్షమున నిలిచి ఓడిరి. వారిని ఓడించినవారు 2021లో అదే పార్టీలో చేరి, 2023లో దాని పక్షమున నిలిచి ఓడిరి. పార్టీ మారుటకు వారికి గల కారణములు వారివి. నియోజకవర్గాభివృద్ధికై మారితిమని చెప్పుట ఆచారము. మీ వోటరు ఆ కారణములను రెండుమారులును అంగీకరింపలేదని మాత్రము పట్టిక చెప్పుచున్నది. గిరిజనుడు డబ్బునకు వోటు వేయునని పట్టణములలో తేలికగా మాటాడువారికి ఈ రెండు ఫలితములను చూపవచ్చును.

ఇల్లెందువలె మీరు ఒక్కనిని ఇరువదియేండ్లు నిలుపుకొనలేదు. అది మంచిదా చెడ్డదా యను తీర్పు మేము చెప్పము. ఒక్కని మార్చి మార్చి చూచుటయు ప్రజాస్వామ్యమే. కాని పోడు కాగితము ఐదేండ్లలో తేలునది కాదు. 2006 నాటి చట్టము 2005 డిసెంబరు 13వ తేదీని గీటుగా పెట్టినది. ఆనాటికి సాగులో నున్న గిరిజనునకు హక్కు. ఆ అర్జీలలో ఎన్నియో ఏండ్లతరబడి నలిగినవి. 2022 నవంబరులో మీ పొరుగున చండ్రుగొండ మండలములో పోడు తగవు మూలమున ఒక అటవీ రేంజి అధికారి హతుడయ్యెను. విధినిర్వహణలో నున్న యుద్యోగి ప్రాణము పోయెను. గొడ్డలి పట్టినవారి బ్రతుకులును జైలుపాలయ్యెను. తరువాత ఏడు మాసములకు, 2023 జూన్ నెలాఖరున, రాష్ట్రప్రభుత్వము నాలుగు లక్షల యెకరములకు పైగా పోడు పట్టాలను పంచుట మొదలిడెను. అందు మన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు దక్కిన వాటాయే పెద్దది. ఆ పట్టా ఎనిమిది నెలలు ముందుగా ఆ గూడెమునకు చేరియుండినచో ఏమగునో చెప్ప నెవరితరము? కాగితమును మోయువాడు ఆ నడుమ దినములలో ఎచట నుండెనని అడుగుట మాత్రము మన తరమే.

ఇల్లెందు, భద్రాచలము, అశ్వారావుపేట ఫలితములను మూడు కాగితములమీద వరుసగా వ్రాసి తెచ్చితిమి. ఈ బల్లమీద ఉంచుచున్నాము. మీలో పట్టాకై అర్జీ పెట్టుకొని యింకను జవాబు రానివారెవరైన నున్నచో, అర్జీ తేదీయు గ్రామము పేరును ఆ కాగితముల వెనుక వ్రాసి పోగలరు.